ఒక బిడ్డ, ఆరుగురు నిపుణులు: అందరినీ కలిపి చూసేది ఎవరు?

స్వరలిపి | సోమవారం, ఉదయం 10:12

నేను స్పీచ్ థెరపిస్టును. మాట రాని పిల్లలతో, మాట ఆలస్యమైన పిల్లలతో పని చేస్తాను. ఈ మధ్య ఎదురైన ఒక కేసు గురించి మీ అందరి అనుభవం అడగాలనిపించింది. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

ఐదేళ్ళ పాప. సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు కలిగిన హాని వల్ల కాళ్ళూ చేతులూ సరిగ్గా స్వాధీనంలో ఉండకపోవడం) ఉంది, ఫిట్స్ కూడా వస్తాయి. మాట లేదు కానీ మనం చెప్పేది చక్కగా అర్థం చేసుకుంటుంది. రెండు చేతుల్లో కుడిచేయి కాస్త స్వాధీనంలో ఉంటుంది కాబట్టి, ఆ చేత్తో బొమ్మల బోర్డు మీద వేలు పెట్టి చూపించడం నేర్పాను. నీళ్ళు, నొప్పి, చాలు, ఇంకా, అమ్మ. మొదట్లో చాలా త్వరగా అందుకుంది. కొన్నాళ్ళకు బడి డైరీలో 'బోర్డు మీద ఆసక్తి చూపడం లేదు' అని రావడం మొదలైంది.

ఆరా తీస్తే తెలిసింది. అదే కుడిచేతి మణికట్టు వంగిపోకుండా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (ఓటీ, రోజువారీ పనులు చేసుకోవడం నేర్పేవారు) ఒక స్ప్లింట్ (చేతిని కదలకుండా ఉంచే గట్టి తొడుగు) ఇచ్చారు. బడి వేళల్లో తొడగమన్నారు. అది తొడిగితే వేళ్ళు చాపి పట్టీలతో బిగించి ఉంటాయి. ఇంక ఆ చేత్తో బొమ్మ ఎలా చూపిస్తుంది? పైగా అప్పుడే ఫిట్స్ మందు డోసు పెంచారు. మధ్యాహ్నానికల్లా పాప మత్తుగా వాలిపోతోంది. ఫిజియో నోట్సులో 'సహకరించడం లేదు' అని పడింది.

స్ప్లింట్ సరైనదే. బోర్డూ సరైనదే. మందు తప్పనిసరి. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగానే చేశారు. ఒకరు చేస్తున్నది ఇంకొకరికి తెలియకపోవడం వల్ల, తన మనసులో మాట చెప్పుకోవడానికి ఆ పాపకున్న ఒక్క దారీ మూసుకుపోయింది.

ఒక కుటుంబానికి ఇంతమంది సాయం చేస్తున్నప్పుడు అందరినీ కలిపి చూడాల్సింది ఎవరు? మీ దగ్గర ఎలా నడుస్తోంది?

నల్లబల్ల | సోమవారం, మధ్యాహ్నం 1:05

ప్రాథమిక తరగతుల టీచర్ని. స్వరలిపి గారూ, ఆ డైరీ రాసిన టీచరు వైపు నుంచి చెబుతాను.

నిపుణులందరికంటే పిల్లలతో ఎక్కువసేపు ఉండేది మేమే. కానీ మీటింగుకు పిలిచేటప్పుడు మా పేరు ఆఖరున గుర్తొస్తుంది. చాలాసార్లు రిపోర్టు కాపీ ఒకటి వస్తుంది, అంతే. అందులో 'సెన్సరీ ప్రాసెసింగ్ సమస్యలు' (శబ్దం, వెలుతురు, స్పర్శ లాంటివి తట్టుకోలేకపోవడం) అని ఉంటుంది. బెల్లు మోగగానే చెవులు మూసుకుని బల్ల కింద దూరే పిల్లవాడిని అప్పటికప్పుడు ఏం చేయాలో అందులో ఉండదు.

మందు డోసు మారిందని ఒక్క ముక్క చెబితే చాలండి. లెక్కలు, చదవడం లాంటివి ఉదయానికి జరుపుకుంటాం, మధ్యాహ్నం పాపను కాసేపు పడుకోనిస్తాం. తెలియకపోతే మాకు కనిపించేది నిద్రపోతున్న పిల్ల, అంతే. స్ప్లింట్ సంగతీ ఇంతే. 'ఇది తొడిగి ఉంచండి' అని మాకు చెప్పేవారు ఉంటారు, 'ఫలానా టైంలో తీసేయండి' అని చెప్పేవారు ఉండరు.

చిన్నోడి_అమ్మ | సోమవారం, రాత్రి 9:48

అందరినీ కలిపి చూసేది ఎవరని అడిగారు కదా. ఇప్పటికైతే తల్లేనండి.

మా ఇంట్లో ఒక లావుపాటి ఫైలు ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళినా అది మోసుకెళ్ళాలి. వాళ్ళు దాన్ని తెరవరు. 'మొదటి నుంచి చెప్పండమ్మా' అంటారు. మళ్ళీ కడుపుతో ఉన్నప్పటి నుంచి మొదలు. పుట్టగానే ఏడ్చాడా? ఎంత బరువు? మెడ ఎప్పుడు నిలిచింది? ఆ 'పుట్టగానే ఏడ్చాడా' అన్న ప్రశ్న దగ్గర నాకు గొంతు పట్టేస్తుంది. అడిగేవాళ్ళకది ఒక గడి నింపడం. నాకు ప్రతిసారీ ఆ గదిలోకి మళ్ళీ వెళ్ళి రావడం.

ఇక ఇంట్లో చేయించమని ఇచ్చే పనులు. ఫిజియో ఇచ్చినవి, ఓటీ ఇచ్చినవి, స్పీచ్ వాళ్ళు ఇచ్చినవి, బడి హోంవర్కు. విడివిడిగా చూస్తే ఏదీ ఎక్కువ కాదు. అన్నీ కూడితే వాడికి ఆడుకోవడానికి, నాకు పెద్దపిల్లతో మాట్లాడటానికి టైమే మిగలదు. చేయలేదని చెబితే మొహం మారుతుంది. అందుకే చేశామని చెప్పేస్తాం. మాలాంటి తల్లులు చాలామంది అలాగే చెబుతారు. ఆ అబద్ధం మీద మీ తర్వాతి ప్లాన్ నిలబడుతుంది.

మోడరేటర్ | సోమవారం, రాత్రి 10:20

చర్చ చాలా బాగుంది. దయచేసి పిల్లల పేర్లు, ఆసుపత్రుల పేర్లు, బడుల పేర్లు రాయకండి. మీకు తెలిసిన కేసు చెప్పేటప్పుడు స్వరలిపి గారిలాగే వివరాలు మార్చండి.

మనోవీధి | మంగళవారం, ఉదయం 7:30

పిల్లల మానసిక నిపుణురాలిని. చిన్నోడి అమ్మ గారి పోస్టు రెండుసార్లు చదివాను. మా ట్రైనీలకు కూడా చదివిస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే.

కలిసి పనిచేయడం అని మనమంతా ఒకే మాట వాడతాం కానీ అందులో కనీసం మూడు పద్ధతులున్నాయి. మొదటిది, ఎవరికి వారు పరీక్ష చేసి, ఎవరి రిపోర్టు వాళ్ళు రాసి, ఒకే ఫైల్లో పెట్టడం. స్వరలిపి గారు చెప్పిన పాపకు జరిగింది ఇదే. రెండోది, విడిగా పరీక్ష చేసినా కూర్చుని మాట్లాడుకుని లక్ష్యాలు కలిపి రాసుకోవడం. మూడోది, ఇంటికి వెళ్ళే మనిషి ఒకరే ఉంటారు, మిగతావాళ్ళు తమ విద్యను ఆ ఒక్కరికి నేర్పి వెనక నిలబడతారు. చాలా చిన్న పిల్లలకు ఈ మూడోదే నాకు నచ్చుతుంది. ఉదాహరణకు ఫిజియో వెళుతుంటే, పాపను ఎలా కూర్చోబెడితే బోర్డు అందుతుందో స్పీచ్ థెరపిస్ట్ ఆమెకు చూపిస్తారు. తల్లి ఆరుగురికి బదులు ఒకరితో మాట్లాడుతుంది.

అమెరికాలో 1986లో వచ్చిన చట్టం మూడేళ్ళలోపు పిల్లల ప్లాన్‌ను మొత్తం కుటుంబం పేరు మీద రాయమంది. కుటుంబం ముఖ్యమనుకునే విషయాలు ఏమిటో అందులో రాయాలి, సేవలన్నీ సమన్వయం చేసే మనిషి ఎవరో కూడా ఆ కాగితం మీదే ఉండాలి. ఒక శాఖ పేరు, ఒక ఫోన్ నంబరు పెట్టి వదిలేస్తే కుదరదు. బాధ్యత ఒక మనిషి పేరుతో కాగితం మీద ఉన్నప్పుడే ఫోన్ తిరిగి వస్తుంది.

పిల్లల_డాక్టర్ | మంగళవారం, రాత్రి 11:15

డాక్టర్ల వైపు నుంచి నిజం చెబుతాను. ఓపీలో ఒక్కో పిల్లకు దొరికేది కొద్ది నిమిషాలు. ప్రతి పిల్ల గురించీ గంట మీటింగుకు రమ్మంటే కుదరదు, రాను. ఇది అహంకారం కాదు, బయట కూర్చున్న వాళ్ళకు సమాధానం చెప్పుకోవాలి.

అయితే డోసు మార్చినప్పుడు ఐదు లైన్ల ఉత్తరం తల్లి చేతికి ఇవ్వడం కుదురుతుంది. ఏం మార్చాం, ఎందుకు మార్చాం, మొదటి వారాల్లో ఏం కనిపించవచ్చు (మత్తు, తూలడం, చిరాకు), ఏం కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలి, మళ్ళీ ఎప్పుడు చూస్తాం. అదే ఉత్తరం బడికీ, థెరపీకీ పనికొస్తుంది. తల్లికి అర్థమయ్యే భాషలో రాస్తే మిగతావాళ్ళందరికీ అర్థమవుతుంది.

అటు నుంచి కూడా మాకు రావాలి. 'మధ్యాహ్నం రెండింటి నుంచి నిద్ర' అని టీచరు రాసిన ఒక్క వాక్యం నాకు పది నిమిషాల ప్రశ్నల కంటే విలువైనది. దాన్ని బట్టి మందు వేళ మార్చాలా, డోసు తగ్గించాలా అన్నది ఆలోచిస్తాను.

కొత్త_అడుగు | బుధవారం, ఉదయం 8:02

సోషల్ వర్క్ చదువుతున్నాను. తెలియక అడుగుతున్నాను, ఏమనుకోకండి. అందరి రికార్డులూ ఒకే కంప్యూటర్లో పెట్టి, అందరికీ పాస్‌వర్డ్ ఇస్తే ఈ సమస్య తీరిపోదా?

గడప_దాటి | బుధవారం, సాయంత్రం 6:40

పిల్లల రక్షణ విభాగంలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. కొత్త అడుగు గారూ, ఈ ప్రశ్న అడగాల్సిందే. ఇంగ్లండ్ దీన్ని నిజంగా చేసి చూసింది.

విక్టోరియా క్లింబియే అనే ఎనిమిదేళ్ళ పాప 2000 ఫిబ్రవరిలో లండన్‌లో చనిపోయింది. తనను పెంచుతున్న నాయనమ్మ వరసావిడ, ఆమె స్నేహితుడు పెట్టిన హింస వల్ల. ఆ పాపను ఎవరూ చూడలేదా అంటే, చాలామంది చూశారు. నాలుగు సోషల్ సర్వీసెస్ విభాగాలు, రెండు పోలీసు చైల్డ్ ప్రొటెక్షన్ బృందాలు, రెండు ఆసుపత్రులు. కాపాడగలిగిన సందర్భాలు కనీసం 12 ఉన్నాయని లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో తేల్చింది. ఒక ఆసుపత్రిలో ఒంటి మీద గుర్తులను గజ్జి వల్ల వచ్చినవన్నారు. ఆ ఒక్క మాట కాగితాల వెంట వెళ్ళి, మిగతావాళ్ళు చూడటం మానేశారు. ఎవరూ కూర్చోబెట్టి ఆ పాపతో సరిగ్గా మాట్లాడలేదు.

దాని తర్వాత 2004లో కొత్త చట్టం వచ్చింది, కలిసి పనిచేయడం సంస్థల బాధ్యత అయింది. పిల్లలందరి వివరాలతో కాంటాక్ట్‌పాయింట్ అనే డేటాబేస్ కూడా కట్టారు. 2009లో మొదలుపెట్టి, 2010లో మూసేశారు. అంతమంది పిల్లల వివరాలు అంతమంది చేతుల్లో పెట్టడం సబబేనా అన్న ప్రశ్న దాన్ని చివరిదాకా వదల్లేదు.

నా అభిప్రాయం చెబుతాను. విక్టోరియా విషయంలో సమాచారం చేతులు మారింది. అందుకున్నవాళ్ళు 'ఇది నేను తేల్చాల్సిన విషయం' అనుకోలేదు. ఫ్యాక్సు పంపినవాళ్ళు పని అయిపోయిందనుకున్నారు. కంప్యూటర్ పెట్టినా అదే జరుగుతుంది, కాస్త వేగంగా.

చిన్నోడి_అమ్మ | బుధవారం, రాత్రి 9:10

అందరికీ పాస్‌వర్డ్ అంటే నాకు భయమేస్తోంది. నేను కౌన్సెలర్‌తో మా ఆయన గురించి ఏడ్చింది, ఆయన ఉద్యోగం పోయినప్పటి గొడవలు, ఇవన్నీ బడి గేటు దగ్గర నిలబడే వాళ్ళకు ఎందుకు తెలియాలి? అలా తెలుస్తుందనుకుంటే నేను ఎవరికీ ఏమీ చెప్పను.

మనోవీధి | బుధవారం, రాత్రి 10:33

మీ భయంలో న్యాయం ఉందండి. స్కాట్లండ్‌లో ప్రతి బిడ్డకూ ఒక బాధ్యుడిని పేరుతో నియమించాలని చట్టం చేశారు. మంచి ఉద్దేశమే. కానీ అందులో సమాచారం పంచుకునే నిబంధనలు కుటుంబ జీవితపు గోప్యతకు భంగమని 2016లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2019లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదిలేసింది.

నేను పాటించేది ఇది. కుటుంబాన్ని అడగకుండా ఏదీ పంచుకోను. 'బడికి ఇది చెప్పనా, ఇలా రాయనా' అని వాక్యం చూపించి అడుగుతాను. 'ఇంట్లో టెన్షన్‌గా ఉంది, కొన్నాళ్ళు హోంవర్కు విషయంలో చూసీ చూడనట్లు ఉండండి' అంటే టీచరుకు చాలు. కారణం అక్కర్లేదు.

నల్లబల్ల | గురువారం, ఉదయం 7:15

అవునండి, మాకు కారణం అక్కర్లేదు. ఏం చేయాలో చెబితే చాలు.

గడప_దాటి | గురువారం, మధ్యాహ్నం 2:20

మనోవీధి గారితో ఒక దగ్గర విభేదిస్తాను. బిడ్డ ప్రమాదంలో ఉందనిపిస్తే అనుమతి కోసం ఆగడం కుదరదు. మామూలుగా అయితే ఇంట్లో పెద్దవాళ్ళకు ముందు చెప్పి, ఆ తర్వాతే రిపోర్టు చేయాలి. చెబితే బిడ్డకే ముప్పు అనిపిస్తే చెప్పకుండానే చేయాలి. ఈ మినహాయింపు ఉందని కుటుంబానికి మొదటి రోజే తెలియాలి. 'మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది, బిడ్డకు ప్రమాదం అనిపిస్తే మాత్రం ఆగలేను' అని మొహం చూసి చెప్పాలి. తర్వాత తెలిస్తే అది మోసంలా ఉంటుంది, జీవితంలో ఇంకెవరినీ నమ్మరు.

మనోవీధి | గురువారం, రాత్రి 8:05

ఒప్పుకుంటాను గడప దాటి గారూ, మొదటి రోజే చెప్పడం దగ్గర మనిద్దరిదీ ఒకే మాట. కానీ ప్రమాదం అనిపించిన ప్రతిసారీ పరుగెత్తడంలోనూ హాని ఉంది. ఇంగ్లండ్‌లోనే 1987లో క్లీవ్‌లండ్ ప్రాంతంలో కొద్ది నెలల్లో 121 మంది పిల్లలు లైంగిక వేధింపులకు గురయ్యారని డాక్టర్లు నిర్ధారించారు. చాలామందిని ఇళ్ళ నుంచి తీసుకెళ్ళారు. తర్వాత కోర్టులు ఎక్కువమందిని తిరిగి ఇళ్ళకు పంపాయి. దాని మీద విచారణ జరిపిన జడ్జి బట్లర్-స్లాస్ 1988లో ఇచ్చిన నివేదిక తప్పును ఒక్కరి మీదే వేయలేదు. డాక్టర్లు, పోలీసులు, సోషల్ వర్కర్లు ఒకరి మీద ఒకరికి నమ్మకం లేక ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారంది. బిడ్డను మనిషిగా చూడాలి తప్ప మన ఆందోళనకు వస్తువుగా చూడకూడదన్నది అందులోని ముఖ్యమైన మాట.

విక్టోరియా విషయంలో కదలలేదు, క్లీవ్‌లండ్‌లో అతిగా కదిలారు. రెండు చోట్లా పిల్లల మాట వినడం వెనకబడింది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం అడుగుతున్నదీ ఇదే, తమకు సంబంధించిన నిర్ణయాల్లో పిల్లల అభిప్రాయం వినమని.

గడప_దాటి | గురువారం, రాత్రి 9:30

దీనికి ఒక దేశం చూపిన దారి నాకు చాలా ఇష్టం. ఐస్‌లండ్‌లో 1998లో బార్నాహుస్ అని ఒక ఇల్లు పెట్టారు. ఆఫీసులా ఉండదు, ఇల్లులాగే ఉంటుంది. వేధింపులకు గురైన బిడ్డ అక్కడికి వస్తే, శిక్షణ పొందిన ఒక్కరే మాట్లాడతారు. పోలీసు, సోషల్ వర్కర్, లాయర్లు, కావాల్సి వస్తే జడ్జి, అందరూ ఇంకో గదిలో తెర మీద చూస్తారు. వాళ్ళకేమైనా అడగాలనుంటే ఆ ఒక్కరి ద్వారానే అడుగుతారు. వైద్య పరీక్ష, థెరపీ కూడా ఆ ఇంట్లోనే. బిడ్డ ఆ కథను పోలీసుకోసారి, డాక్టరుకోసారి, కోర్టుకోసారి చెప్పుకోవాల్సిన పని లేదు. తర్వాత స్వీడన్, నార్వే లాంటి దేశాలూ తీసుకున్నాయి.

చిన్నోడి అమ్మ గారు చెప్పిన 'పుట్టగానే ఏడ్చాడా' బాధకు కూడా ఇందులో జవాబుంది కదా. ఒక్కసారి చెప్పించుకుని, అందరూ దాన్నే వాడుకోవడం.

నాన్నని_కూడా | శుక్రవారం, ఉదయం 6:50

పోస్టులన్నీ చదివాను. అన్నిట్లో తల్లి అనే ఉంది. నేను పక్కనే కూర్చున్నా ప్రశ్నలు ఆమెనే అడుగుతారు. ఉత్తరాలు ఆమె పేరుతోనే వస్తాయి. రాత్రి మా పాపకు స్ప్లింట్ తొడిగేది, స్నానం చేయించేది నేనే. నాకు నేర్పిస్తే నేనూ నేర్చుకుంటాను.

మనోవీధి | శుక్రవారం, మధ్యాహ్నం 12:45

ఇది మనమంతా వినాల్సిన మాట. న్యూజిలండ్‌లో 1989 చట్టం కుటుంబ సమావేశం అనే పద్ధతి తెచ్చింది. తల్లిదండ్రులే కాదు, తాతలు, పెద్దమ్మలు, బాబాయిలు అందరూ వస్తారు. నిపుణులు తమకు తెలిసింది చెప్పి గది బయటికి వెళ్ళిపోతారు. కుటుంబం తమలో తాము మాట్లాడుకుని ప్లాన్ తయారు చేస్తుంది. తర్వాత నిపుణులు వచ్చి ఆ ప్లాన్‌తో బిడ్డ క్షేమంగా ఉంటుందా అని మాత్రం చూస్తారు. అక్కడి మూలవాసులైన మావోరీ ప్రజల కుటుంబ సంప్రదాయం దీనికి ఆధారం. నిపుణులు గది వదిలి వెళ్ళడం ఇందులో అన్నిటికంటే కష్టమైన పని, అన్నిటికంటే విలువైనది కూడా.

ఇంకొకటి. సమన్వయం పేరుతో ఇంకో పొర పెట్టడం గురించి జాగ్రత్త. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో గ్లిసన్, హెమ్మెల్‌గార్న్ అనే పరిశోధకులు 32 పిల్లల సేవా కార్యాలయాలను, 250 మంది పిల్లలను గమనించి 1998లో ప్రచురించారు. పిల్లలు మెరుగుపడటానికి ఎక్కువగా తోడ్పడింది ఆ ఆఫీసులో పనిచేసేవాళ్ళ మధ్య వాతావరణం. సంస్థల మధ్య సమన్వయం పెంచిన చోట సేవల నాణ్యత పెరగలేదు, తగ్గింది. సమన్వయం చేయడానికి వేరే బృందం ఉంటే, కేసు చూసే మనిషికి 'ఇది నా బాధ్యత' అనే భావం తగ్గుతుందని వాళ్ళ వివరణ. అందుకే సమన్వయకర్త బిడ్డను స్వయంగా చూసేవాళ్ళలోంచే రావాలంటాను. ఆ మనిషికి మిగతా పని కొంత తగ్గించాలి కూడా. ఉన్న పని మీద ఇదీ చేయమంటే నలిగిపోయి వదిలేసి వెళతారు.

పిల్లల_డాక్టర్ | శుక్రవారం, రాత్రి 11:40

ఈ చివరి పేరా మా అడ్మినిస్ట్రేషన్ వాళ్ళకు చూపిస్తాను. సమన్వయానికి కేటాయించిన టైము ఎవరి డ్యూటీ చార్టులోనూ కనిపించదు. కనిపించని పని సెలవు పెట్టిన రోజు ఆగిపోతుంది.

స్వరలిపి | ఆదివారం, సాయంత్రం 5:25

అందరికీ ధన్యవాదాలు. ఏం జరిగిందో చెబుతాను.

పాప అమ్మానాన్నల్ని ముందు అడిగాను, ఎవరెవరికి ఏం చెప్పొచ్చని. వాళ్ళు సరేనన్న మేరకు ఓటీకి, ఫిజియోకి, టీచరుకు, న్యూరాలజీ డాక్టరుకు ఒకే పేజీ పంపాను. తర్వాత ఫోన్లో అందరం ఒకేసారి మాట్లాడుకున్నాం. డాక్టరు కాసేపే ఉన్నారు, కానీ ఉన్నారు.

స్ప్లింట్ రాత్రికి మార్చారు. నిద్రలో తొడిగి ఉంచినా మణికట్టుకు కావాల్సిన సాగు దొరుకుతుందని ఓటీయే అన్నారు, బోర్డు సంగతి తెలిసుంటే మొదటే అలా ఇచ్చేదాన్నన్నారు. ఉదయం చేయి ఖాళీగా ఉంటుంది. టీచరు బోర్డును బల్లకు ఏటవాలుగా బిగించారు, ఫిజియో చెప్పిన ఎత్తులో. ఇప్పటికి సమన్వయం నా పేరు మీద రాసుకున్నాం, ఎందుకంటే ఎవరిని పెట్టాలని అడిగితే ఆ తల్లిదండ్రులు నన్ను ఎంచుకున్నారు. మూడు నెలల తర్వాత మార్చాలనుకుంటే మార్చుకుంటారు.

ఆ పేజీలో ఉన్నవి: పాపకు ఇష్టమైనవి (అన్నిటికంటే పైన ఇదే ఉండాలని నాన్న పట్టుబట్టారు), కుటుంబం ఇప్పుడు కోరుకునే రెండు మార్పులు, ఎవరేం చేస్తున్నారు, ఏ చేతికి ఏ వేళలో ఏముంటుంది, మందులో మార్పులు, మళ్ళీ మాట్లాడుకునే తేదీ. ఇంకేమైనా చేర్చాలా?

చిన్నోడి_అమ్మ | ఆదివారం, రాత్రి 9:55

ఒక గడి చేర్చండి. 'కొత్తది మొదలుపెడుతున్నారు కాబట్టి పాతవాటిలో ఏది ఆపుతున్నారు?' ఎవరు కొత్త ఎక్సర్‌సైజ్ ఇచ్చినా ఆ గడి నింపాకే ఇవ్వాలి.

స్వరలిపి | ఆదివారం, రాత్రి 10:08

చేర్చాను. రేపు అందరికీ మళ్ళీ పంపుతున్నాను. ఆ గడిలో మొదటి పేరు నాదే, నాలుక కదలికల ఎక్సర్‌సైజులు ఆపేస్తున్నాను. ఆ టైములో వాళ్ళ అక్క పాపతో బోర్డు పట్టుకుని ఆడుకుంటుంది.